సన్నాయి పీక

మన యిండ్లలో పెండ్లి జరుగునపుడు సుముహూర్తము సమీపింపగానే పురోహితుడు చేయెత్తి "భజంత్రీలు! గట్టిమేళము!" అని కేకవేయును. తక్షణమే సన్నాయియు డోలును ఒక్కుమ్మడి మ్రోగును. తుమ్మో, దగ్గో, ఎవరి నోటినుండియైనను జారిన అమంగళపు మాటయో వధూవరుల చెవిని బడకుండ ఆ ధ్వని పందిరినంతయు కప్పివేయును. ఆ యొక్క క్షణమునకై మనము నెలల తరబడి చీరలెంచుకొందుము, నగలు చేయించుకొందుము, పిండివంటల పట్టికలు వ్రాసికొందుము. కాని ఆ క్షణమును మంగళకరముగా జేయు నాదము ఎచ్చటనుండి పుట్టుచున్నదో గమనించినవారు మనలో నరుదు. అది పుట్టుచోటు బంగారపు తొడుగుల గొట్టము గాదు. నల్లని కఱ్ఱయు గాదు. వాద్యకారుని పెదవుల నడుమ దాగియుండు చిన్న గడ్డితునక. దానిని పీక యందురు. తంజావూరు ప్రాంతమున సీవాళి యని వ్యవహరింతురు.

2022వ సంవత్సరమున ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోని కె. కోటపాడు, చోడవరము, సబ్బవరము ప్రాంతపు గ్రామములలో పెండ్లికైనను, గ్రామదేవత పండుగకైనను, దేవుని ఊరేగింపునకైనను సన్నాయిమేళము ముందు నడుచుట పూర్వాచారము. ఈ పరగణాలయందు సన్నాయియన్నను నాదస్వరమన్నను జనులు చాలవఱకు ఒక్కటిగనే వాడుదురు. ఉత్తరదేశపు షెహనాయి ఇంతకంటె చిన్నదైన వేఱొక వాద్యము. కాని అదియు పీకతోనే పలుకును. ఆ పీకను గుఱించి, దానిని చేయు విధమును గుఱించి, సరిచేసికొను నేర్పును గుఱించి ఇల్లాండ్రు తెలిసికొనదగినది చాల గలదు. ఏలయన, మేళమును పిలిపించుటయో మానుటయో నిర్ణయించునది తఱచుగా మన యింటి ఆడువారి మాటయే.

పెరటిలోని పాఠము

పీక యెట్లు పలుకునో తెలిసికొనుటకు విద్వాంసుని యొద్దకు పోనక్కఱలేదు. పెరటిలోని కొబ్బరిచెట్టు చాలును. పిల్లలు పచ్చి కొబ్బరాకును ఈనె తీసివేసి, సన్నగా మొదలుపెట్టి చుట్టుచు, క్రమక్రమముగా వెడల్పగు గరాటువలె చేసి, విడిపోకుండ ఈనెముక్కను గ్రుచ్చుదురు. సన్నని కొనను వ్రేళ్లతో నొక్కి చదునుచేసి పెదవుల నడుమ నుంచుకొని యూదుదురు. అది "పీ" యని మ్రోగి వీథియంతయు వినబడును. ఆ బూరనే మీరు మఱియొకసారి పరీక్షించి చూడుడు. కొనను మిక్కిలిగా నొక్కినచో ఊపిరి లోనికి పోదు, శబ్దము రాదు. ఏమాత్రము నొక్కకున్నచో ఊపిరి ఊరక జారిపోవును. అప్పుడును శబ్దము రాదు. రెంటికి నడుమ ఒకచోట మాత్రమే ఆకు పలుకును. పీకలు చేయువారి విద్యయంతయు ఆ నడిమి చోటును కనుగొనుటయే.

కారణము సులభము. చదునైన కొనయందు రెండు పలుచని పెదవులు ఎదురెదురుగా నుండును. వాని నడుమనుండి ఊపిరి వడిగా పోవునపుడు లోపలి ఒత్తిడి తగ్గి, ఆ రెండును దగ్గఱకు లాగబడి మూతపడును. మూతపడినవెంటనే తమకు సహజమైన బిగువుచేత మరల తెఱచుకొనును. ఇట్లు సెకనుకు వందలకొలది పర్యాయములు మూసికొనుచు తెఱచుకొనుచు నుండుటచే గొట్టములోని గాలి కంపించును. ఆ కంపనమే మన చెవికి స్వరమగుచున్నది. వ్రేళ్లతో రంధ్రములను తెఱచినకొలది గాలి కంపించు పొడవు తగ్గి స్వరము హెచ్చును. మూసినకొలది స్వరము దిగును. గొట్టము ఎంత చక్కనిదైనను మొదట పలుకవలసినది పీకయే. అది పలుకకున్నచో వేయి రూపాయల వాద్యమైనను, లక్ష రూపాయల వాద్యమైనను ఊదుగొట్టముతో సమానము.

వాద్యమును దాని ముఖమును

నాదస్వరము సుమారు రెండున్నర అడుగుల పొడవుగల గొట్టము. పైన సన్నముగా నుండి క్రిందికి పోనుపోను వెడల్పగును. వ్రేళ్లతో మూయుటకు ఏడు రంధ్రములుండును. క్రిందిభాగమున మఱియైదు రంధ్రములుండును. వీనిని వ్రేళ్లతో మూయరు. శ్రుతిని చక్కబెట్టుటకై కొన్నింటిని మైనముతో పూడ్తురు. అడుగున గంటవలె విచ్చుకొన్న భాగమును అణసు అందురు. పైకొనయందు చిన్న లోహపు గొట్టము అమరియుండును. దానిపై పీకను తొడుగుదురు. పెద్దవాద్యమునకు బారి యనియు, పొట్టిదై హెచ్చుశ్రుతి గలదానికి తిమిరి యనియు పేళ్లు. బారికి పెద్దపీక, తిమిరికి చిన్నపీక తగియుండును. ఒకదాని పీక రెండవదానికి పనికిరాదు.

ఈ వాద్యపు కఱ్ఱపని తమిళదేశమున కుంభకోణము చేరువనున్న నరసింగంపేట గ్రామమున తరతరములుగా సాగుచున్నది. అచ్చటివారు ఆచ్చా యను కఱ్ఱను, అందును పాతయిండ్ల దూలములనుండి స్తంభములనుండి తీసిన యెండు కఱ్ఱను మిక్కిలి మెచ్చుదురు. ఏండ్లతరబడి ఆఱిన కఱ్ఱ పగులదు, వంగదు. నరసింగంపేట నాగస్వరమునకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. మన ఉత్తరాంధ్రలోను బొబ్బిలి వీణకు అట్టి గుర్తింపు కలదు. వీణ చేయు శిల్పిని లోకము ఎఱుగును. పీక చేయు శిల్పి పేరు మాత్రము మేళములవారికి తప్ప ఇతరులకు తెలియదు. వీణ నూఱేండ్లు నిలుచును. పీక కొలదిదినములలో అరిగిపోవును. అరిగిపోవు వస్తువును చేసినవానిని లోకము త్వరగా మఱచిపోవును గాబోలు! వండినవారిని మఱచి పాత్రను పొగడుట వంటిదే యిదియు.

గడ్డినుండి గాత్రము

పీకకు మూలము కావేరీతీరమున పెరుగు ఒక జాతి రెల్లు. వెదురువలె కణుపులుగలిగి, లోపల బోలుగానుండి, కాడ గట్టిగా నుండును. తిరువావడుదురై గ్రామము ఈ పనికి ప్రసిద్ధికెక్కినది. నాదస్వర చక్రవర్తి యని పేరుగన్న రాజరత్నం పిళ్లై గారిదియు ఆ యూరే. ఆయన 1898లో జన్మించి 1956లో పరమపదించిరి.

కోసిన కాడలను వెంటనే వాడరు. వానిని నీడను ఆరబెట్టి, చాలకాలము నిలువయుంచుదురు. కొత్తకాడ మెత్తగానుండి ఊపిరి తగులగానే ముడుచుకొనును. నిలువయున్న కాడకే బిగువుండును. క్రొత్త చింతపండునకు పాతచింతపండునకు గల భేదము ఎఱిగిన మనకు ఇది వింతగాదు. పిమ్మట కాడలను వడ్లతో కలిపి ఉడికించి ఎండబెట్టు వాడుక గలదు. ఉప్పుడుబియ్యమునకు వడ్లనుడికించినయెడల గింజ గట్టిపడి నూకగాకుండు విధము ఇల్లాండ్రందఱు చూచినదే. ఉడికి యెండిన కాడకును పెళుసుదనము తగ్గి, సాగుదలయు బిగువును చేకూరును.

ఆ తరువాత కాడను కావలసినంత ముక్కలుగా కోసి, తడిపి, ఒక కొనను గుండ్రముగా దారముతో బిగించి కట్టుదురు. రెండవ కొనను చదునుగా నొక్కి విసనకఱ్ఱవలె విచ్చుకొనునట్లు చేయుదురు. కట్టినభాగము లోహపు గొట్టముపై అమరును. చదునైనభాగము పెదవుల నడుమ నుండును. పిమ్మట పదునైన కత్తితో ఆ చదునైనభాగమును పలుచగా గీరుదురు. కొనయందు మిక్కిలి పలుచన, మొదలికి పోనుపోను దళసరి. ఈ గీఱుటలోనే పనివాని నేర్పు బయటపడును. మన పెద్దలు రెల్లుకలము చెక్కుకొనునపుడు ములికిని ఎంత శ్రద్ధతో చెక్కెడివారో తలచుకొనుడు. కలపు ములికి చెడినచో అక్షరము చెడును. పీక కొన చెడినచో రాగము చెడును.

సరిచేయుట యనునది

సిద్ధమైన పీకయైనను కొనితెచ్చినవెంటనే కచేరికి పనికిరాదు. ప్రతివిద్వాంసుని పెదవులు, ఊపిరి, వాద్యము వేర్వేఱు. కావున తనకు తగినట్లుగా తానే దానిని లొంగదీసికొనవలెను. ఇది కొంత ఓర్పుతో చేయవలసిన పని.

మొదట పీకను తడుపుదురు. ఎండుపీక పలుకదు, బలవంతముగా నూదినచో చీలును. మిక్కిలి నానినదియు పనికిరాదు. పెదవులు ఉబ్బి, ధ్వని మొద్దుబాఱును. తడిపిన పీకను వాద్యమునకు తొడుగకయే నోటనుంచి ఊది, దాని కూతను విందురు. కూత తేటగా నున్నచో వాద్యమునకు తొడుగుదురు. బొంగురుగానో కీచుగానో యున్నచో దోషమును వెదకుదురు.

ఊదుటకు మిక్కిలి బలము కావలసివచ్చినచో పీక దళసరిగా నున్నదన్నమాట. అపుడు కొంచెము గీరుదురు. ధ్వని పలుచనై, శ్రుతి దిగి, నిలుకడలేక ఊగులాడుచున్నచో మిక్కిలి పలుచనైనదన్నమాట. అపుడు కొనను వెండ్రుకవాసి కత్తిరించినచో పొడవు తగ్గి కొంత గట్టిపడి శ్రుతి హెచ్చును. నోరు మిక్కిలి మూసికొనియున్నచో రెండు ప్రక్కలను మెల్లగా నొక్కి తెఱతురు. మిక్కిలి తెఱచుకొనియున్నచో పైనను క్రిందను నొక్కి దగ్గఱకు తెత్తురు. దారము వదులైనచో మరల బిగింతురు. ఒక ప్రక్క దళసరిగాను రెండవప్రక్క పలుచగాను ఉన్నచో రెండు పెదవులును ఒక్కతీరున కంపింపవు. అట్టి పీకతో గమకము సాగదు.

కె. కోటపాడు ప్రాంతము చెఱకునకు ప్రసిద్ధము. అనకాపల్లి బెల్లపు సంత దేశమంతట పేరుగాంచినది. బెల్లము వండువాడు పాకమును నీటిలో వేసి చూచి, ఇదిగో యిప్పుడని దింపును. ఒక్క నిమిషము ముందైనచో లేతపాకము, ముద్ద కట్టదు. ఒక్క నిమిషము వెనుకైనచో ముదురుపాకము. రంగును రుచియు చెడును. పీకను గీఱుటయు నట్టిదే. ఇంక ఒక్కగీటు చాలునని తోచినచోట ఆగుట తెలిసినవాడే నేర్పరి. లేతపాకమును మరల పొయ్యిమీద పెట్టవచ్చును, దళసరిపీకను మరల గీరవచ్చును. గీకినదానిని మాత్రము మరల అతికింపలేము.

మీరు మేళమువారి వాద్యమును దగ్గఱగా చూచినచో, పీక క్రింది లోహపు గొట్టమునుండి దారములతో వ్రేలాడుచు కొన్ని చిన్నవస్తువులు కనబడును. చూచువారికి అవి అలంకారమువలె తోచును. అవి మాఱుపీకలును, దంతముతోనో కొమ్ముతోనో చేసిన సూదియును. కచేరి నడుమ ఉమ్మితడి చేరి పీక మూసికొనిపోయినచో ఆ సూదిని లోనికి పంపి శుభ్రముచేసి నోరు తెఱతురు. పీక చీలినచో క్షణములో మాఱుపీకను తొడుగుదురు. సంసారమున ముందుచూపుగల ఇల్లాలు పోపులపెట్టెను ఎట్లు సిద్ధముగా నుంచుకొనునో, విద్వాంసుడును తన పీకల నట్లు చేతికందునట్లు కట్టుకొనును.

కాలమునుబట్టియు పీక గుణము మాఱును. మాఘమాసపు పెండ్లిండ్లలో తెల్లవాఱుజామున చలికి బిగిసికొనిపోవును. వైశాఖమున ఎండకు తడి నిలువక త్వరగా ఆఱిపోవును. శ్రావణమున గాలిలోని చెమ్మచే మెత్తబడును. సముద్రమునకు చేరువనున్న మన జిల్లాలలో ఈ చెమ్మ బాధ మిక్కుటము. అందుచే విద్వాంసుడు వాడిన పీకను కడిగి ఆరబెట్టి దాచుకొనును. లేకున్నచో బూజుపట్టి పాడగును.

ఇతర దేశములందు

ఈ విద్య మనకే ప్రత్యేకము గాదు. పాశ్చాత్యుల వాద్యసమ్మేళనములలో ఓబో యనునదియు, ఇంగ్లీషు హారన్ అనునదియు రెండు పెదవుల పీకతోనే పలుకును. ఇంగ్లీషు హారన్ పేరు విచిత్రము. అది ఆంగ్లేయులదియు గాదు, కొమ్ముబూరయు గాదు. పదునెనిమిదవ శతాబ్దమున మధ్య ఐరోపాలో రూపొందిన కఱ్ఱవాద్యము. ఓబోకంటె పొడవై, ఐదుస్వరముల దిగువను పలుకును. దాని అడుగుభాగము బేరిపండువలె ఉబ్బియుండుటచే ధ్వని మెత్తగా, విచారముతో గూడినట్లు వినబడును. డ్వోర్జాక్ అను స్వరకర్త 1893లో న్యూయార్కు నగరమున తొలిసారి వినిపింపబడిన తన సింఫొనీలో రెండవభాగపు ప్రధానగీతమును ఈ వాద్యమునకే యొసగెను.

దాని పీకకు వాడు రెల్లు ఫ్రాన్సుదేశపు దక్షిణతీరమున వార్ అను ప్రాంతమున పెరుగునది శ్రేష్ఠమని చెప్పుదురు. అచ్చటను మనవలెనే కాడను కోసి, ఎండబెట్టి, నిలువయుంచుదురు. పిమ్మట నిలువుగా చీల్చి, లోపలిభాగమును మిల్లీమీటరులో సగముకంటె కొంచెమెక్కువ దళసరి మిగులునట్లు చెక్కుదురు. దానిని నానబెట్టి, నడుమకు మడిచి, రెండు కొనలను చిన్న లోహపు గొట్టముపై దారముతో కట్టుదురు. మడతయున్న కొనను కోసివేయగా రెండు పెదవులు ఏర్పడును. మొదలివద్ద సన్నని తీగను చుట్టి నోటి వెడల్పును కుదుర్తురు. పెదవుల నడుమ పలుచని రేకునుంచి, కత్తితో కొంచెము కొంచెము గీరి, మాటిమాటికి కూతను విందురు. ఆ దేశములలో ఈ వాద్యమును వృత్తిగా గొన్నవారు పెక్కురు తమ పీకలను తామే చేసికొందురు. వాయించు సమయముతో సమానముగా పీకలు చెక్కు సమయమును గడపుదురు. ఇంత శ్రమపడి చేసిన పీక కొన్ని గంటల వాదనముతో సత్తువ కోల్పోవును. గొప్ప వేదికలయందు వినుచున్న శ్రోతలకును ఈ సంగతి తెలియదు. కావున పీక వెనుకనున్న శ్రమను గమనింపకుండుట మన దేశమునకే పరిమితమైన లోపము గాదు.

అయినను ఒక భేదము గలదు. ఇంగ్లీషు హారనుకు వ్రేళ్లతో నొక్కు మీటలు పెక్కు గలవు. స్వరమును నిలుపుటకు అవి కొంత తోడ్పడును. నాదస్వరమునకు మీటలు లేవు. రెండు స్వరముల నడుమనున్న సూక్ష్మశ్రుతులను, గమకములను విద్వాంసుడు ఊపిరిబలముచేతను, పెదవుల బిగువుచేతను, రంధ్రములను సగముసగము మూయుటచేతను తీయవలెను. కావుననే మనవారికి పీక ఇంకను ప్రాణప్రదము.

తెలుగువారి కీర్తి

ఈ గడ్డితునకను వశముచేసికొని తెలుగువారి కీర్తిని దేశమంతట వెదజల్లినవారిలో షేక్ చినమౌలానా సాహేబు గారు అగ్రగణ్యులు. ఒంగోలు చేరువనున్న కరవది గ్రామమున 1924లో జన్మించి, తంజావూరు బాణీని అభ్యసించుటకై తమిళదేశమునకేగి, నాచ్చియార్‌కోవిల్ సోదరులైన రాజం, దురైకన్ను గార్లయొద్ద శిష్యరికము చేసిరి. శ్రీరంగమున స్థిరపడి, రంగనాథుని సన్నిధిని వాయించిరి. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదము వారిని వరించినవి. 1999లో వారు పరమపదించిరి. మహమ్మదీయ కుటుంబమున బుట్టి వైష్ణవ దేవళమున మంగళవాద్యము వాయించిన ఆయన జీవితము, నాదమునకు మతభేదము లేదని చాటుచున్నది. పూర్వపు గుంటూరు, ప్రకాశము జిల్లాలలో ఇట్టి మహమ్మదీయ నాదస్వర కుటుంబములు పెక్కు గలవు. ఉత్తరాంధ్రలో నాయీబ్రాహ్మణ కుటుంబములు ఈ విద్యను తరతరములుగా నిలుపుకొని వచ్చినవి.

సోదరీమణులు విశేషముగా గమనింపదగిన సంగతి మఱియొకటి గలదు. ఆడువారు సన్నాయి ఊదరాదని, ఊపిరి చాలదని, పదిమందిలో బుగ్గలు పూరించుట సొంపుగాదని చెప్పు మాట మనము విన్నదే. మదుర పొన్నుత్తాయి గారు ఇరువదవ శతాబ్దమున తమిళదేశమున నాదస్వర విద్వాంసురాలిగా పేరుపొంది ఆ మాటను త్రోసివేసిరి. మన తెలుగు కుటుంబమున జన్మించిన కలీషాబీ మహబూబ్ గారు తమ భర్త షేక్ మహబూబ్ సుభానీ గారితో గూడి జంటగా నాదస్వర కచేరులు చేసిరి; 2020వ సంవత్సరపు పద్మశ్రీ పురస్కారము ఆ దంపతులిద్దఱకును లభించినది. పీక ఊదువారు స్త్రీయో పురుషుడో ఎఱుగదు. తడిసినచో పలుకును, ఎండినచో అలుగును. అది యెఱుగునది శ్రద్ధ యొక్కటియే.

మన చేతిలోనున్నది

ఇంత శ్రమతో నిలిచిన విద్యకు నేడు వచ్చిన ఇబ్బంది యేమి? పెక్కుచోట్ల పెండ్లిపందిళ్లలో మేళమునకు బదులు ధ్వనివర్ధకములలో ముందుగా పట్టియుంచిన సన్నాయిపాటను వినిపించుచున్నారు. ఖర్చు తగ్గునన్నమాట నిజమే. కాని ఆ యంత్రము పురోహితుని చేతిని చూడలేదు. మంగళసూత్రము ముడిపడు క్షణము నెఱుగదు. పెండ్లికూతురు కన్నీరు పెట్టుకొనునపుడు రాగమును మెల్లగింపదు. మేళమువారు ఇవన్నియు చూచుచు, అందుకు తగినట్లు ఊదుదురు. పెండ్లిండ్లు లేని మేళమువాడు పీక కొనడు. కొనువారు లేని పీకలవాడు తన కొడుకునకు ఆ పని నేర్పడు. మన మొక్క యింటి నిర్ణయము కావేరీతీరపు ఒక గుడిసెదాక పోవుచున్నది. ఒక కళ మఱుగగుట ఉత్పాతమువలె ఒక్కనాడు జరుగదు. ఇట్లే ఒక్కొక్క పందిరినుండి తొలగిపోవును.

కావున మేళమును పిలిపించు నిల్లాండ్రకు కొన్ని మనవులు. ముందుగానే చెప్పి పిలువుడు. మంచి పీకలను సిద్ధము చేసికొనుటకు వారికి దినములు కావలెను. వచ్చినవెంటనే ఊదుడని తొందరపెట్టకుడు. పీకను తడిపి, శ్రుతి కలుపుకొనుటకు కొంతసేపు ఏకాంతమైన చోటును, త్రాగుటకు మంచినీటిని ఇండు. హోమపు పొగకును వంటలపొగకును ఎదురుగా కూర్చుండబెట్టకుడు; ఊదువానికి ఊపిరియే పెట్టుబడి. కడుపునిండ భోజనము చేసినవెంటనే గంటలతరబడి ఊదుట కష్టము. వారి భోజనము ముహూర్తమునకు ముందో వెనుకనో తగినట్లు అమర్పుడు. అందఱి బంతులు ముగిసినపిమ్మట మిగిలినది పెట్టుట మన గృహములకు మర్యాదగాదు. అన్నిటికంటె ముఖ్యము, ఒక్క అరగంటయైనను ముచ్చటలు మాని వినుడు. కీర్తన యేదో అడిగి వాయింపించుకొనుడు. అడుగువారున్నచో నేర్చువారుందురు.

మఱియు, సంగీతమున రుచిగల ఆడపిల్లలకు వీణ, వయొలిన్ మాత్రమే తగినవని భ్రమింపకుడు. 1919లో స్థాపింపబడి, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగానున్న విజయనగర సంగీత కళాశాల మన ఉత్తరాంధ్రకు గర్వకారణము. తిరుపతిలో దేవస్థానమువారి నాదస్వర డోలు పాఠశాల గలదు. పిల్ల యిష్టపడినచో, ఊపిరి నిలుకడగలదైనచో, అడ్డుచెప్పక పంపుడు. కొబ్బరాకు బూర ఊదిన ఆడపిల్లను "ఇంట పీకలూదకుము" అని కసరుటకు ముందు, ఆ కూత తేటగా నున్నదో లేదో ఒక్కసారి చెవియొగ్గి వినుడు.

ఏరుగట్టున పుట్టిన గడ్డి, నేర్పరి చేతిలోబడి, మంచి యూపిరి సోకి, దేవుని సన్నిధికిని పెండ్లిపీటల చెంతకును చేరినది. దానిని అచ్చటనే నిలుపుకొను భారము మన గృహములపై నున్నది. ఈ సంవత్సరము పెండ్లితలపెట్టిన సోదరీమణులు పట్టుచీరల దుకాణమునకు పోకముందే తమ యూరి మేళమువారికి కబురంపుదురుగాక!